వచ్చే సీజన్‌కి బీతోవెన్ తొమ్మిదో సింఫనీ పెట్టుకోవచ్చా? మా కోరస్‌లో టెనర్లు ఐదుగురే

వెనక_వరస_వయొలిన్

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

మాది అమెచ్యూర్ ఆర్కెస్ట్రా, దాన్ని అంటిపెట్టుకుని ఒక కోరస్ (పాడేవాళ్ళ బృందం). డబ్బు తీసుకునేది ఇద్దరే, కండక్టర్ గారూ, కోరస్‌కి పియానో వాయించే ఆవిడా. మిగతావాళ్ళమంతా పగలు ఏదో ఉద్యోగం చేసుకుని మంగళవారం సాయంత్రం వాయిద్యం భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చే బాపతే. నేను సెకండ్ వయొలిన్లలో ఆఖరి వరస. పోయినేడాది కమిటీకి ఎవరూ చెయ్యెత్తకపోతే నన్ను తోసేశారు, అందుకని వచ్చే సీజన్ ప్రోగ్రాం కాగితం మీద పెట్టే పని నా నెత్తిన పడింది.

మొత్తం మూడు కచేరీలు. అక్టోబర్‌లో ఆర్కెస్ట్రా ఒక్కటే: మెండెల్సన్ హెబ్రిడీస్ ఓవర్చర్, మా క్లారినెట్ ఆయన సోలోగా మొజార్ట్ క్లారినెట్ కన్సర్టో, విరామం తర్వాత బీతోవెన్ ఐదో సింఫనీ. డిసెంబర్‌లో కోరస్‌తో కలిసి హాండెల్ మెస్సయ్య మొదటి భాగం, చివర్లో హల్లెలూయా (అది రెండో భాగం ఆఖరిది, తెలుసు, అయినా అది పాడకపోతే వచ్చినవాళ్ళు ఊరుకోరు). ఈ రెండూ దాదాపు ఖాయం. తంటా అంతా ఏప్రిల్ కచేరీతోనే. కండక్టర్ గారు బీతోవెన్ తొమ్మిదో సింఫనీ (దాని ఆఖరి భాగంలో కోరస్ కూడా పాడాలి) అంటున్నారు. ఆయనకి అది ఎప్పటినుంచో ఉన్న కోరిక, చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోతుంది, కాదనడానికి నాకు నోరు రావట్లేదు.

లెక్క ఇదీ. ఫస్ట్ వయొలిన్లు 8, సెకండ్ 7, వయోలాలు 3, చెల్లోలు 6, డబుల్ బేస్‌లు 2. ఫ్లూట్లు 4 (ఫ్లూట్లకి ఎప్పుడూ కొదవ లేదు), ఓబో ఒకటి, క్లారినెట్లు 3, బసూన్ ఒకటి, హార్న్‌లు 2, ట్రంపెట్లు 3, ట్రాంబోన్లు 3, టింపనీ (పెద్ద గిన్నె డ్రమ్ములు) ఒకరు. కోరస్‌లో సొప్రానోలు (ఆడవాళ్ళలో పై గొంతులు) 24, ఆల్టోలు (ఆడవాళ్ళలో కింది గొంతులు) 21, బేస్‌లు (మగవాళ్ళలో కింది గొంతులు) 11, టెనర్లు (మగవాళ్ళలో పై గొంతులు) అక్షరాలా ఐదుగురు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా 12 మంగళవారాలు, ఒక్కోటి రెండున్నర గంటలు. కోరస్ విడిగా పియానోతో నేర్చుకుంటుంది. రెండూ కలిపి చేసే రిహార్సల్స్ మూడే, అందులో మూడోది కచేరీ రోజు మధ్యాహ్నం.

ఇంకో గొడవ కూడా ఉంది. కోరస్ కచేరీ అనగానే ఆర్కెస్ట్రా వాళ్ళు "మేం వాళ్ళకి పక్క వాయిద్యాలమా" అంటారు. మామూలు సింఫనీ పెడితే కోరస్ వాళ్ళు "మాకేం పని" అంటారు. తొమ్మిదోది పెడితే ఇద్దరికీ సరిపోతుందని కండక్టర్ గారి వాదన. నిజమేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. వద్దంటే దాని బదులు ఏం పెట్టాలో కూడా చెప్పండి, ఉత్తినే వద్దంటే ఆ మాట తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళలేను.

పై_మెట్టు_ఆల్టో

రెండుసార్లు పాడాను తొమ్మిదోది. మూడోసారి పాడమంటే సంతోషంగా పాడతాను, కానీ మీ లెక్క చూశాక మీకు మాత్రం వద్దనే చెబుతాను.

ముందు కోరస్ వైపు నుంచి. మొదటి మూడు భాగాలు అయ్యేసరికి ముప్పావు గంట దగ్గరకొస్తుంది. మేం అంతసేపూ వెనక మెట్ల మీద బొమ్మల్లా కూర్చుంటాం. దగ్గు వస్తే మింగాలి, కాలు తిమ్మిరెక్కితే భరించాలి. గొంతు మొత్తం చల్లబడిపోయాక లేచి నిలబడితే మెల్లగా మొదలుపెట్టే వెసులుబాటు ఏమీ ఉండదు, బారిటోన్ సోలో కాగానే నేరుగా పూర్తి గొంతుతో దూకాలి. కొన్నిచోట్ల రెండో భాగం అయ్యాక కోరస్‌ని లోపలికి తెస్తారు, అదొక్కటే ఊరట. ఇక సొప్రానోలకి పై 'ఏ' (A) స్వరం మీద బార్ల (తాళం గళ్ళ) తరబడి నిలబడే చోటుంది చూడండి, అక్కడ బాగా సాధన చేసిన గొంతు పాడుతుంది, మిగతావి అరుస్తాయి. నేను మొదటిసారి పాడినప్పుడు ముందురోజు రిహార్సల్‌లో అందరూ పూర్తి గొంతుతో పాడేశారు, మర్నాడు సాయంత్రానికి నా ముందు వరసలో సగం మందికి మాట కూడా గరగరమంటోంది.

అసలు సమస్య అది కూడా కాదు, మీ ఐదుగురు టెనర్లు. నెమ్మదిగా "జైట్ ఉమ్‌ష్లుంగెన్" అని మొదలయ్యే చోట కేవలం మగ గొంతులే, ట్రాంబోన్ పక్కనుండగా. అంతకు ముందు మార్చ్ లాగా నడిచే ముక్కలో టెనర్ సోలో వెనకాల వచ్చేది కూడా మగవాళ్ళ కోరసే. ఆ రెండు చోట్లా ఐదుగురు టెనర్లు, పదకొండు మంది బేస్‌లు, ఎదురుగా మొత్తం ఆర్కెస్ట్రా. ఆ ఐదుగుర్లో ఒకరికి జలుబు చేస్తే? ఏప్రిల్‌లో ఎవరో ఒకరికి తప్పకుండా చేస్తుంది.

కోరస్ పాడేది ఆఖరి భాగంలోనే, అది మొత్తం 25 నిమిషాల లోపు. అందులోనూ సోలోలూ ఆర్కెస్ట్రా ముక్కలూ తీసేస్తే ఇంకెంత మిగులుతుంది? 12 వారాల సాధన దానికి. ఇద్దరికీ సరిపోతుందన్న వాదన నాకైతే మింగుడు పడలేదు.

మూడో_ట్రాంబోన్

ఆల్టో గారు చెప్పింది అక్షరాలా నిజం. నా వాయిద్యం ప్రకారం చెప్పాలంటే తొమ్మిదోదాంట్లో మాకు రెండో భాగంలో కాసింత, ఆఖర్లో మిగతాది. మీ అక్టోబర్ ఐదో సింఫనీ కూడా అంతే అనుకోండి, మూడు భాగాలు ఒళ్ళో ట్రాంబోన్ పెట్టుకుని బార్లు లెక్కపెట్టడమే. అలవాటే.

నా సలహా: మొజార్ట్ రెక్వియెమ్ (పోయినవాళ్ళ కోసం చర్చిలో పాడే ప్రార్థన), దానికి ముందు షూబర్ట్ అసంపూర్ణ సింఫనీ. ఎందుకో చెబుతాను, ఇది గాల్లోంచి తీసింది కాదు, మేం చేసి చూసిందే.

మొజార్ట్ రెక్వియెమ్‌లో ఫ్లూట్లు లేవు, ఓబోలు లేవు, హార్న్‌లు లేవు. రెండు బాసెట్ హార్న్‌లు (పేరు చూసి కంగారు పడకండి, క్లారినెట్ కుటుంబమే, ఇంకా కిందికి పోతుంది, చాలా అమెచ్యూర్ గుంపులు మామూలు క్లారినెట్లతోనే లాగిస్తాయి), రెండు బసూన్లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, టింపనీ, ఆర్గన్, తీగ వాయిద్యాలు. అంతే. అది ఒక్కటే పెడితే మీ నలుగురు ఫ్లూట్లూ, ఓబో, హార్న్‌లూ ఏప్రిల్‌లో ఇంట్లో కూర్చోవాలి. షూబర్ట్‌లో ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్, ట్రంపెట్ అన్నీ రెండేసి, ట్రాంబోన్లు మూడు, టింపనీ. అంటే రెక్వియెమ్‌కి ఎలాగూ వచ్చే మేం ముగ్గురం దీనికీ పనికొస్తాం, అందులో పనిలేనివాళ్ళకి ఇందులో పని దొరుకుతుంది. మీకు బయటినుంచి తెచ్చుకోవాల్సింది ఒక ఓబో, ఒక బసూన్, నలుగురు సోలో గాయకులు, ఒక ఆర్గన్. అదే తొమ్మిదోదానికైతే పిక్కొలో, కాంట్రాబసూన్ కావాలి, హార్న్‌లు నాలుగు (మూడో భాగంలో నాలుగో హార్న్‌కి ఒక సోలో ఉంది, ఊరికే కుర్చీ నింపడానికి ఎవరినో పిలిస్తే కుదరదు), ట్రయాంగిల్, సింబల్స్, పెద్ద డ్రమ్ముకి ఇంకో ముగ్గురు, సోలోలు నలుగురు ఎలాగూ తప్పరు.

ఇప్పుడు మీ టెనర్ల సంగతి. రెక్వియెమ్‌లో చాలాచోట్ల ఆల్టో ట్రాంబోన్ ఆల్టోల వరసనే, టెనర్ ట్రాంబోన్ టెనర్ల వరసనే, బేస్ ట్రాంబోన్ బేస్‌ల వరసనే వాయిస్తాయి. ఆ కాలం చర్చి సంగీతంలో అదే పద్ధతి, కోరస్‌కి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు. ఐదుగురు టెనర్లకి అది ఎంత ధైర్యమో పాడినవాళ్ళని అడగండి. కానీ ఒక్క జాగ్రత్త: మా రెండో ట్రాంబోన్ ఆయన మొదటి కలిపిన రిహార్సల్‌లో తన మామూలు ధోరణిలో వాయించాడు, టెనర్ల నోళ్ళు కదులుతున్నాయి గానీ శబ్దం మాత్రం ట్రాంబోన్‌దే. కండక్టర్ ఆపి, "మీకు మీరు వినబడితే ఎక్కువైనట్టు" అన్నారు. అప్పటినుంచి ఆయన స్టాండ్ మీద పెన్సిల్‌తో ఆ మాటే రాసుకున్నాడు. మీ ట్రాంబోన్ వాళ్ళకి మొదటి రోజే చెప్పేయండి.

షూబర్ట్ సుమారు 25 నిమిషాలు, రెక్వియెమ్ 50 చిల్లర, మధ్యలో విరామం. రాత్రి మరీ పొద్దుపోకుండా అయిపోతుంది. పోస్టర్ మీద రాసుకోవడానికి మాట కూడా దొరుకుతుంది, రెండూ పూర్తికానివే. షూబర్ట్ 1822లో రెండు భాగాలు రాసి వదిలేశాడు, 1828లో పోయాడు, జనం దాన్ని వినడం 1865లో. మొజార్ట్ 1791 డిసెంబర్ 5న పోయేసరికి రెక్వియెమ్‌లోని లాక్రిమోజా అనే ముక్కలో తన చేత్తో రాసింది ఎనిమిది బార్లే, మిగతాది శిష్యుడు జూస్మాయర్ అతికించి పూర్తిచేశాడు.

వెనక_వరస_వయొలిన్

ట్రాంబోన్ గారూ, దణ్ణం మీకు. ఈ లెక్క ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు. మేం ఇప్పటిదాకా "ఏది బాగుంటుంది" అని వాదించుకున్నామే తప్ప ఎవరి చేతిలో పని లేదో చూడనే లేదు.

రెండు సందేహాలు. కమిటీలో ఒకరు ఫోరే రెక్వియెమ్ అన్నారు, 35 నిమిషాలేగా, తేలిక అని. ఇంకొకరు బ్రామ్స్ జర్మన్ రెక్వియెమ్ అన్నారు. సొప్రానోల నుంచి ఎప్పటిలాగే కార్ల్ ఓర్ఫ్ కార్మినా బురానా అని కేకలు. వీటిలో ఏదైనా మా లెక్కకి పనికొస్తుందా? రెండోది, డిసెంబర్ మెస్సయ్యలో కూడా ఫ్లూట్లకీ క్లారినెట్లకీ హార్న్‌లకీ పనిలేదు కదా, పోయినసారి ఆ నెలన్నర రిహార్సల్స్‌కి రాకుండా పోయిన వాళ్ళలో ఇద్దరు మళ్ళీ జనవరిలో తిరిగే రాలేదు.

కోరస్_పియానో

నేను పదేళ్ళుగా అమెచ్యూర్ కోరస్‌లకి రిహార్సల్ పియానో వాయిస్తున్నాను. మీ రెండో సందేహానికి నా దగ్గర ఖాయమైన మందుంది. మెస్సయ్యకి మొజార్ట్ చేసిన రూపం ఉంది, 1789లో వియన్నాలో వాన్ స్వీటెన్ అనే ఆయన చేయించాడు. హాండెల్ వాడని ఫ్లూట్లు, క్లారినెట్లు, హార్న్‌లు, ట్రాంబోన్లు అందులో ఉన్నాయి. మీ డిసెంబర్ గొడవ అక్కడితో చాలావరకు తీరిపోతుంది. అది జర్మన్ మాటలకి చేసింది, మీ కోరస్ ఏ భాషలో పాడబోతోందో ముందే తేల్చుకుని దానికి సరిపోయే పార్టులు (ఒక్కో వాయిద్యానికి విడిగా ఉండే స్వరాల కాగితాలు) తెచ్చుకోండి. హాండెల్ అంటే పాతకాలపు పద్ధతిలోనే వినాలనేవాళ్ళు ముక్కు విరుస్తారు. విరవనివ్వండి, ఫ్లూట్ వాళ్ళు ఊరు దాటి పోకుండా ఉండడం ముఖ్యం.

ఫోరే: కోరస్‌కి తేలికే, కానీ అందులో అసలు పని వయోలాలది. ఆయన మొదట రాసినప్పుడు వయొలిన్ వరసలే లేవు, ఒక్క సోలో వయొలిన్ తప్ప. తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాకి పెంచినప్పుడు కూడా వయొలిన్లకి దక్కింది కొంచెమే. వయోలాలు రెండుగా చీలి వాయించాలి. మీకున్న వయోలాలు మూడు! పదిహేను మంది వయొలిన్లు చేతులు కట్టుకుని చూస్తుంటే ముగ్గురు వయోలాలు మొత్తం బరువు మోస్తారు. నాకు ప్రాణమైన రచన, అయినా మీకు కాదు.

బ్రామ్స్: ఏడు భాగాలు, ఏడింట్లోనూ కోరస్ పాడాలి, 70 నిమిషాల పైమాటే. కోరస్‌కి అంతకన్నా పండగ ఉండదు, కానీ 12 వారాల్లో ఐదుగురు టెనర్లతో నేను చేయించను. కార్మినా బురానా: పిల్లల కోరస్ కావాలి, తాళవాయిద్యాలు బోలెడు కావాలి, పైగా ఓర్ఫ్ పోయింది 1982లో. చాలా దేశాల్లో స్వరకర్త పోయాక 70 ఏళ్ళదాకా హక్కులుంటాయి, అంటే పార్టులు అద్దెకి తేవాలి, ప్రదర్శనకి అనుమతి తీసుకోవాలి. రెండు పియానోలూ తాళవాయిద్యాలతో చేసే రూపం కూడా ఉంది గానీ అది పెడితే మీ వయొలిన్ల మాటేమిటి. మొజార్ట్, షూబర్ట్‌లకి ఆ బాధ లేదు, ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో పాత ముద్రణల పార్టులు దొరుకుతాయి.

దొరుకుతాయి అన్నాను కదా అని అందరూ తలొకటి దించుకోకండి. నా అనుభవంలో సగం కలిపిన రిహార్సల్స్ పాడయ్యేది దీనివల్లే. ఒకసారి ఏమైందంటే కోరస్ చేతిలో ఒక ప్రచురణకర్త పుస్తకం, ఆర్కెస్ట్రా స్టాండ్ల మీద ఇంకొకరి పార్టులు. కండక్టర్ "లెటర్ ఎఫ్ నుంచి" (ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి స్వరాల పైన వేసే గుర్తు) అన్నారు. ఆర్కెస్ట్రా ఒకచోట మొదలుపెట్టింది, కోరస్ ఇంకోచోట, నాలుగు బార్లదాకా ఎవరికీ అర్థం కాలేదు, పైగా రెండూ ఒకే శ్రుతిలో ఉన్న ముక్కలు కావడంతో కాసేపు బాగానే ఉన్నట్టు కూడా అనిపించింది! ఆపి చూస్తే ఒక పుస్తకంలో అక్షరాలు, ఇంకోదాంట్లో అంకెలు, మూడోదాంట్లో ఏమీ లేవు. ఆ సాయంత్రం అరగంట బార్ నంబర్లు రాసుకోవడానికే పోయింది. మీకున్నవే మూడు కలిపిన రిహార్సల్స్. కాబట్టి డిసెంబర్ సెలవుల్లోనే ఎవరో ఒకరు కూర్చుని కోరస్ పుస్తకాల్లోనూ పార్టుల్లోనూ బార్ నంబర్లు సరిపోయాయో లేదో చూడాలి. వయొలిన్ బోయింగ్స్ (బో ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి లాగాలో) కూడా అప్పుడే మీ లీడర్ చేత గుర్తు పెట్టించి అందరికీ కాపీలు ఇప్పించండి, మొదటి మంగళవారం "పైకా, కిందికా" అనే చర్చ మొదలైతే రెక్వియెమ్ మీకే పాడతారు.

రెక్వియెమ్ పాడేది లాటిన్‌లో కాబట్టి దాని గురించి ఒక్క మాట. ఇటాలియన్ ఉచ్చారణా, జర్మన్ ఉచ్చారణా అనేది మొదటి రోజే చెప్పేయాలి. "లూచెయాట్" అని ఒకరు "లూట్సెయాట్" అని ఇంకొకరు పాడితే మొదటి పేజీలోనే దొరికిపోతారు. తెలుగువాళ్ళతో ఇంకో తమాషా ఉంది, మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కదా, చివరి హల్లు దగ్గర నోరు ఊరుకోదు. "రెక్వియెమ్ము", "డోమినుస్సు" అని సన్నగా ఒక ఉకారం జారుతుంది. ఒక్కరు పాడితే తెలియదు, ఇరవై మంది ఆల్టోలు కలిసి జారిస్తే హాలు వెనకదాకా వినిపిస్తుంది. పెదవులు మూసి అక్కడే ఆపండి అని నేను ఎన్నిసార్లు చెప్పానో.

డ్రమ్ముల_వెనక

అందరూ కలిసి పాపం ఆ కండక్టర్ కలని పాతిపెట్టేశారు. నేను టింపనీ వాయిస్తాను, ఆయన పక్షాన ఒక్కడినైనా ఉండాలి.

తొమ్మిదో సింఫనీ 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వినిపించినప్పుడు ఆ ఆర్కెస్ట్రాలోనూ కోరస్‌లోనూ అమెచ్యూర్లు బోలెడుమంది ఉన్నారు. నిండు రిహార్సల్స్ జరిగినవి రెండే. సోలో పాడిన ఇద్దరు అమ్మాయిలు పై స్వరాలు కాస్త తగ్గించమని అడిగితే బీతోవెన్ ఒప్పుకోలేదంటారు. మీకు మూడున్నాయి రిహార్సల్స్, ఇంకేం కావాలి?

సరే, సగం వేళాకోళం. మీ టెనర్ల లెక్క చూశాక నేను కూడా ఈ ఏప్రిల్‌కి వద్దనే అంటాను. కానీ ఆయనకి "వద్దు" అని కాకుండా "ఎప్పుడు" అనేది చెప్పండి. రెండు సీజన్ల తర్వాత అని తేదీ రాసుకోండి, ఈలోగా టెనర్లని వెతకండి. మధ్యలో మెట్టు కావాలంటే బీతోవెన్‌దే కోరల్ ఫాంటసీ ఉంది, 20 నిమిషాలు, పియానో, సోలోలు, కోరస్, ఆర్కెస్ట్రా. తొమ్మిదోదాని ఆఖరి భాగంలో కోరస్ పాడే పాటకి అక్కలాంటి స్వరం అందులో ఉంది. అదీ చేతకాదేమో అనుకుంటే 1808 డిసెంబర్ 22 గుర్తు తెచ్చుకోండి. చలిలో నాలుగు గంటల కచేరీ, ఐదో సింఫనీ, ఆరోది, నాలుగో పియానో కన్సర్టో అన్నీ ఆ ఒక్క రాత్రే, ఆఖర్న ఈ ఫాంటసీ. సరిగ్గా సాధన లేక మధ్యలో చెదిరిపోతే బీతోవెన్ ఆపించి మళ్ళీ మొదలుపెట్టించాడు. పియానో దగ్గర కూర్చున్నది ఆయనే! మనకి అప్పుడప్పుడు ఒక బార్ తప్పితే మొహం మాడ్చుకుంటాం.

నాలాంటివాళ్ళ గురించి కూడా ఒకటి చెప్పి పోతాను. 1867లో వియన్నాలో బ్రామ్స్ జర్మన్ రెక్వియెమ్ మొదటి మూడు భాగాలు వాయించారు. మూడో భాగం చివర ఫ్యూగ్ (ఒకే వరసని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే ముక్క) అంతటా టింపనీ ఒకే 'డి' (D) స్వరం మీద నడుస్తుంది. ఆ టింపనీ మనిషి దాన్ని మొదటినుంచీ చివరిదాకా బలంకొద్దీ బాదేశాడు, కోరస్ మొత్తం అందులో మునిగిపోయింది, జనం ఈలలు వేశారు. కాబట్టి వయొలిన్ గారూ, మీ టింపనీ మనిషిని కోరస్ మెట్లకి మరీ ఆనుకుని పెట్టకండి. టెనర్ల వెనక అసలే వద్దు.

పై_మెట్టు_ఆల్టో

నిలబడే చోట్ల మాట వచ్చింది కాబట్టి. టెనర్లని ఒక మూలకి నెట్టకండి, మధ్యలో ముందు వరసలో పెట్టండి, వెనక బేస్‌లు ఉంటే ఒక గోడలా ఆసరా ఉంటుంది. కింది స్వరాలు హాయిగా పలికే ఆల్టోలు ఇద్దరు ముగ్గురు ఉంటే టెనర్ వరస పాడమని అడగండి, నేను ఒక సీజనంతా అలా పాడాను, నాకేం అవమానంగా అనిపించలేదు. అయితే టెనర్ వరస కింద ఎనిమిది అని గుర్తున్న క్లెఫ్‌లో (రాసినదానికన్నా ఒక స్థాయి కింద పాడాలని చెప్పే గుర్తు) ఉంటుంది, మొదటి వారం అందరూ ఒక స్థాయి పైన పాడేస్తారు, నవ్వుకోండి గానీ చెప్పండి.

ఇంకోటి, మేం వెనక మెట్ల మీద ఉంటే కండక్టర్‌కి పది మీటర్ల పైన దూరం. శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున పోతుంది కాబట్టి వయొలిన్లు విని పాడితే మా గొంతు ఆయన దగ్గరికి చేరేసరికి రెండు వైపుల ఆలస్యం కలుస్తుంది. పియానోతో చిన్న గదిలో నేర్చుకున్నప్పుడు ఈ తేడా తెలియదు, హాల్లోకి వచ్చాకే "కోరస్ వెనకబడుతోంది" అని తిట్లు. చెవితో కాదు, కండక్టర్ చేతి కర్ర చూసి పాడాలి. అందుకే మాటలు కంఠతా రావాలి. పుస్తకంలో తల దూర్చినవాళ్ళు కర్ర ఎక్కడ చూస్తారు?

వెనక_వరస_వయొలిన్

నిన్న కమిటీ మీటింగ్ అయింది, చెబుతానన్నాను కదా.

ట్రాంబోన్ గారి లెక్కంతా ఒక కాగితం మీద గళ్ళు గీసి తీసుకెళ్ళాను, ఎడమ వైపు వాయిద్యాలు, పైన రచనలు, పనిలేని చోట సున్నా. తొమ్మిదోదాని గురించి నేను ఒక్క మాట కూడా చెడుగా అనలేదు. కండక్టర్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ కాగితం చాలాసేపు చూశారు. టెనర్ల గడి దగ్గర వేలు పెట్టి, "ఐదుగుర్లో ఒకాయన మార్చిలో బదిలీ మీద వెళ్ళిపోతున్నాడు, మీకు తెలుసా" అన్నారు. తెలియదు. అంటే నలుగురే.

ఆ తర్వాత పెద్ద చర్చ ఏమీ జరగలేదు. ఏప్రిల్‌లో షూబర్ట్, మొజార్ట్. తొమ్మిదోదానికి డ్రమ్ముల గారు చెప్పినట్టే రెండు సీజన్ల తర్వాత అని మినిట్స్‌లో రాయించుకున్నారు, తేదీతో సహా, ఆయనే పక్కన కూర్చుని రాయించారు. పన్నెండు మంది టెనర్లు ఉంటేనే అని నేను ఒక వాక్యం చేర్చాను, ఆయన దాన్ని పది చేయించారు. డిసెంబర్‌కి మొజార్ట్ చేసిన మెస్సయ్య అనగానే క్లారినెట్ ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బార్ నంబర్లు సరిచూసే పని ఎవరికని అడిగితే అందరూ నా వైపే చూశారు, అది మీరు ఊహించే ఉంటారు.

సొప్రానోలు మాత్రం కార్మినా బురానా ఇంకా వదల్లేదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. షూబర్ట్‌లో ఫ్లూట్లు రెండే, మాకున్నది నలుగురు. ఒక భాగం ఇద్దరు, ఇంకో భాగం ఇద్దరు అని పంచుదామంటే, రెండో భాగం ఎవరు వాయించాలన్న దాని మీద నలుగురూ వాట్సాప్‌లో ఎడమొహం పెడమొహం. ఫ్లూట్ వాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే మీ దగ్గర ఎలా పంచుకుంటారో చెప్పండి, వాళ్ళకి నా పేరు చెప్పకండి.